పూరేడు పట్టిన మౌనం

షాబాన్ నెల, ఆఖరి సాయంత్రం

పరమ కరుణామయుని నామం స్మరించి ఈ పుటను ప్రారంభిస్తున్నాను. పడమటి ఆకాశంలో, పట్టు నేసే కార్ఖానా పొగగొట్టానికి కాస్త ఎడమగా, కోసి పారేసిన గోరంత నెలవంక కనిపించింది. మర్గిలాన్ పట్టణమంతా ఒక్క క్షణం తలెత్తి చూసి, ఒక్క గొంతుతో దేవుణ్ణి స్తుతించింది. రేపటి నుంచి రంజాన్. దీనిని లోకం కడుపు ఉపవాసమంటుంది. మా గురువుగారు మాత్రం నాలుక ఉపవాసమనేవారు. పరుషం పలకని నోరు, పరుల తప్పు వెతకని కన్ను, చాడీ వినని చెవి నిలిచిన నాడే ఆకలికి అర్థమని బోధించేవారు. ఏడాది పొడుగునా ఇతరులను కాపలా కాసే మనిషి తనను తాను కాపలా కాయవలసిన నెల ఇది. కనుక ఈ నెల ముగిసేవరకు ఈ పుస్తకంలో ఎవరి మీదా నిష్ఠూరం రాయనని సంకల్పించుకున్నాను.

తుర్గున్ సంగతి రాయడం నిష్ఠూరం కిందికి రాదు. జరిగినది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

నిన్న మిత్రుల నెలవారీ గోష్ఠి తుర్గున్ ఇంట జరిగింది. ఎప్పటిలాగే మొదట నేను ఒక పాత గజల్ చదివి అర్థం చెప్పాను. నేను విరహాన్ని వివరిస్తూండగా మంగలి నేమత్ పుచ్చగింజలు కొరుకుతున్నాడు. కహ్హార్ హాజీగారి గడ్డం ఆయన ఛాతీ మీదకు వాలిపోయింది. తర్వాత తుర్గున్ లేచి, ద్రాక్ష పందిరికి వేలాడుతున్న సొరబుర్ర పంజరం మీది గుడ్డ తీశాడు. లోపలి పూరేడు పిట్ట "వవ్వాక్, వవ్వాక్" అని గొంతు సవరించుకుని "పిట్‌పిలిక్" అని పిలిచింది. గింజల చప్పుడు ఆగింది. హాజీగారు మేలుకున్నారు. పిడికెడు పిట్టకు దొరికిన ఆ నిశ్శబ్దం నా జీవితకాలపు పాండిత్యానికి ఏనాడూ దొరకలేదు. బడిలోనూ ఇంతే. నేను ప్రాచీన కవిత్వం చెప్పేవాణ్ణి, పక్క గదిలో తుర్గున్ లెక్కలు చెప్పేవాడు. పిల్లలు లెక్కలకు నవ్వుతూ వెళ్ళి కవిత్వానికి ఆవలిస్తూ వచ్చేవారు. ఇది అసూయ కాదు, పరిశీలన.

పాట ముగిశాక, పెద్దరికానికి తగినట్టు, నేను ఆశువుగా రెండు పాదాలు చెప్పాను:

ఏ గుమ్మాన నీ పిలుపు మోగునో ఆ గుమ్మానికే వేకువ వచ్చును,
నా గుమ్మాన రాత్రి ఇంకా నిలబడే ఉన్నది, ఓ పాటగాడా!

కవి తన లేమిని చెప్పుకొని ఎదుటివాడి కలిమిని పొగడడం ప్రాచీనుల మర్యాద. అంతకు మించి అందులో ఏమీ లేదు. కానీ తుర్గున్ ముఖం పాలిపోయింది. గుండె మీద చేయి పెట్టుకుని, "ఇంక ఇది నీదే, దోమ్లా. తీసుకుపో" అన్నాడు. దోమ్లా అంటే పండితుడు. బడి రోజుల నుంచి వాడు నన్ను అలాగే పిలుస్తాడు. మెచ్చిన వస్తువును మెచ్చినవాడి చేతిలో పెట్టడం మా ఆచారం. పుచ్చుకునేవాడు రెండుసార్లు వద్దనడం కూడా ఆచారమే. నేను రెండుసార్లు వద్దన్నాను. మూడోసారి కూడా వాడు "నీదే" అన్నాడు. మూడోసారి కాదనడమంటే ఇచ్చేవాడి ముఖాన తలుపు వేయడమే. కనుక పుచ్చుకుంటానన్నాను.

నాకు పిట్టల మీద ప్రత్యేకమైన ఆసక్తి లేదు.

ఈ ఉదయం వాడే పంజరానికి గుడ్డ కప్పి తెచ్చి, గుమ్మంలో నా భార్య సలోమత్ చేతికిచ్చి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

రంజాన్, రెండవ రోజు

పిట్ట పాడలేదు. కొత్త చోటు గదా. ఉపవాసపు నెల కనుక అది కూడా వ్రతం పట్టిందని సలోమత్ హాస్యమాడింది. నాకు నవ్వు రాలేదు.

నాలుగవ రోజు

పాడలేదు.

ఐదవ రోజు

పంజరాన్ని మా పందిరి కింద నుంచి తీసి తూర్పు గోడకు వేలాడదీశాను. వరిగలు మాన్పించి నానబెట్టిన గోధుమలు పెట్టాను. తింటుంది. ఎంత పెడితే అంత తింటుంది. తిని, నా వైపు తల వంచి చూస్తుంది. నా తరగతిలో వెనక బల్ల మీద కూర్చునే పిల్లలు సరిగ్గా అలాగే చూసేవారు.

"పాడే పిట్ట ఇంత తినదండీ. దీని తిండి చూస్తే నాకు బాలింతలు గుర్తొస్తున్నారు" అన్నది సలోమత్.

"నీకు పిట్టల గురించి ఏం తెలుసు?"

"నాకేం తెలియదు. మీకు తెలుసనేగా అడిగి తెచ్చుకున్నారు."

"నేను అడగలేదు. వాడిచ్చాడు."

"అడగలేదు, నిజమే. గుమ్మాన రాత్రి నిలబడే ఉందన్నారంతే."

ఆడవారికి అలంకారశాస్త్రం చెప్పకపోవడం మా కాలపు పెద్దల లోపం.

ఏడవ రోజు

గడ్డం సవరించుకోవడానికి నేమత్ కొట్టుకు వెళ్ళాను. వెళ్ళకుండా ఉండవలసింది.

"ఏం మాస్టారూ, పూరేడు పాడుతోందా?" అన్నాడు, కత్తి నా గొంతు దగ్గర పెట్టి.

"పాడుతోంది" అన్నాను.

"ఎలా?"

"ఎలా అంటే? అమోఘంగా. వేకువ ముందు మొదలుపెడితే ఎండెక్కేదాకా ఆపదు."

ఉపవాసం ఉండి అబద్ధమాడానని ఎవరైనా అనవచ్చు. అది తొందరపాటు తీర్పు. పాడడానికే పుట్టిన పిట్ట అది. రేపో ఎల్లుండో పాడి తీరుతుంది. రెండు రోజుల ముందు చెప్పిన నిజాన్ని అబద్ధమనడం న్యాయం కాదు.

కానీ నేమత్ అంతటితో ఊరుకునే మనిషి కాదు. "మరి తుర్గున్‌గారిని తొలిపాట టీకి పిలవలేదేం? ఇచ్చినవాణ్ణి ఇంటికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని తొలిపాట వినిపించాలి గదా. మా తాత అలా పిలవలేదని మా మామయ్య ఏడేళ్ళు మా గుమ్మం తొక్కలేదు."

"ఉపవాసపు నెలలో పగలు టీ ఏమిటయ్యా?"

"సాయంత్రం ఇఫ్తార్‌కి పిలవచ్చు గదా."

గొంతు మీద కత్తి ఉన్నవాడు ఊరుకోవడమే ఉత్తమం.

పిలవాలని నాకు తెలియదా? పిలిచి ఏమి వినిపించను?

పదవ రోజు

మసీదు బయట తుర్గున్ కనిపించాడు. నన్ను చూడగానే చెప్పులు చేతిలో పట్టుకుని, వేసుకోకుండానే, వట్టి కాళ్ళతో వీధి కాలువ పక్కగా వెళ్ళిపోయాడు. ఇచ్చిన నాటి నుంచీ ఇదే వరస. ఇచ్చి బాధపడుతున్నాడన్నమాట. బాధపడేవాడు మూడోసారి ఎందుకు అనాలి? రెండుసార్లతో ఆపి ఉంటే నేను గౌరవంగా ఇంటికి వచ్చేవాణ్ణి, పంజరం గౌరవంగా వాడి పందిరికే ఉండేది.

విశ్వాసి మరొక విశ్వాసితో మూడు రోజులకు మించి మాట మానరాదని తరాల పిల్లలకు నేర్పినవాణ్ణి. కానీ మాట మానింది నేను కాదు.

రాత్రి నమాజులో ఖురాన్ పారాయణం చేసే యువకుడు ఈ ఏడు మరీ వేగంగా చదువుతున్నాడు. మోకాళ్ళు వంచి లేచేలోపు రెండు వాక్యాలు దాటిపోతున్నాయి. అర్థం ఆగి వినమంటుంది, అతడు నడవమంటాడు. ఎవరితో చెప్పుకోను? ఇలాంటి సంగతులు తుర్గున్‌తోనే చెప్పుకునేవాణ్ణి. "నీకు అర్థం కావాలి, వాడికి ఇల్లు చేరాలి" అని నవ్వేవాడు.

నవ్రూజ్, వసంతపు కొత్త ఏడాది పండగ

వీధి ఆడవాళ్ళంతా పెద్ద కళాయి చుట్టూ చేరి మొలకెత్తిన గోధుమల పాయసం కలిపారు. బెల్లం రంగులో చిక్కగా కుదిరింది. సలోమత్ నన్నడగకుండానే తుర్గున్‌కు ఒక గిన్నె పంపింది. గిన్నె ఖాళీగా తిరిగి రాలేదు, ఎండు ఖుబానీలతో నిండి వచ్చింది. తెచ్చింది మాత్రం తుర్గున్ కాదు, పొరుగింటావిడ. ఆచారం ఒక్కటే మా ఇద్దరి మధ్య తిరుగుతోంది. మేమిద్దరం లేము.

ఖుబానీలు బాగున్నాయి. అది కూడా చిరాకుగానే ఉన్నది.

పద్నాలుగవ రోజు

పిట్టకు గజల్ చదివి వినిపించాను. దీర్ఘాలు ఉన్న ఛందస్సు ఎంచుకున్నాను, గొంతు విప్పుకోవడానికి అనువుగా ఉంటుందని. నాలుగో చరణానికి నిద్రపోయింది.

పదిహేడవ రోజు

చాయ్‌ఖానా అరుగు మీద మిత్రులు కూర్చుని ఉన్నారు. ఉపవాసం కనుక టీ లేదు, ఉత్త మాటలే. కహ్హార్ హాజీగారు కర్ర తాటించి అన్నారు: "ఈసారి గోష్ఠి మీ ఇంట్లో కదా, మాస్టారూ. ఇరవై నాలుగో రోజు ఇఫ్తార్ మీ దగ్గరే. ఆ పూరేడు పాట వినిపించాలి. ఊళ్ళో అందరూ అదే చెప్పుకుంటున్నారు."

"ఊళ్ళో అందరికీ చెప్పింది ఎవరండీ?"

నేమత్ చేయి ఎత్తాడు. "నేనే. మీరు చెప్పిందే చెప్పాను. ఎండెక్కేదాకా పాడుతుందన్నారు గదా."

తుర్గున్ కూడా అక్కడే, అరుగు చివర కూర్చుని ఉన్నాడు. నా వైపు చూశాడు. ఆ చూపులో ఏదో ఉన్నది. ఎకసెక్కం అనుకున్నాను మొదట. ఎకసెక్కం కాదు. భయం లాంటిది. వాడికి భయమెందుకు?

"నువ్వూ రావాలి, తుర్గున్. ఇచ్చినవాడివి గదా" అన్నారు హాజీగారు.

"వస్తాను" అన్నాడు.

ఇరవయ్యవ రోజు

పాడలేదు. కాళ్ళు పట్టుకుని అడుగుదామంటే దాని కాళ్ళు నా చిటికెన వేలంత లేవు.

ఇరవై రెండవ రోజు

పంజరంలో గుడ్డు ఉన్నది.

అదే రోజు, మధ్యాహ్నం

చుక్కల చుక్కల గుడ్డు, చిన్నది, ఇంకా వెచ్చగా ఉన్నది. సలోమత్ చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, లోపలికి వెళ్ళి చాలాసేపు నవ్వింది. నేను విన్నాను.

పెట్ట. వాడు నాకు పెట్టనిచ్చాడు. పూరేళ్ళలో పాడేది పోతు మాత్రమేనన్న సంగతి ఈ లోయలో నడక నేర్చిన పసివాడికి కూడా తెలుసు. నాకూ తెలుసు. ఎదురుగా ఉన్నది పోతా పెట్టా అని చూడవలసిన అవసరం ఉన్నదని మాత్రం నాకు తట్టలేదు. బజారులో ఒక పెట్టను పట్టుకొచ్చి, తన పంజరంలో పెట్టి, తన గుడ్డ కప్పి, నా గుమ్మంలో ఇచ్చి, టీ తాగకుండా పారిపోయాడు. అందుకే చెప్పులు చేతిలో పట్టుకుని పరుగు.

నేను ఏనాడైనా వాడి పాఠాన్ని వెక్కిరించానా? వాడి భార్య హుర్షీదా చనిపోయిన చలికాలమంతా వాడి ఇంట్లో కూర్చుని పొయ్యి ఆరకుండా చూసినవాణ్ణి. నన్ను ఇలా మోసం చేస్తాడా?

ఇంకొకటి కూడా ఉన్నది. రాయక తప్పదు. పెట్ట అని తెలిసినవాడు, అది వేకువ నుంచి ఎండెక్కేదాకా పాడుతోందని నేను ఊరంతా చెప్పిన సంగతి విన్నాడు. విని ఎవరికీ చెప్పలేదు.

ఇరవై మూడవ రోజు

నిర్ణయించుకున్నాను. రేపు ఇఫ్తార్‌లో, అందరూ చూస్తూండగా, గుడ్డును తుర్గున్ గిన్నెలో పెడతాను. ఒక్క మాట కూడా అనను. నాలుక ఉపవాసం చెడదు.

ఇరవై నాలుగవ రోజు

ఇఫ్తార్‌కు మాంసపు చారు, షూర్బా కాచాం. తందూరు రొట్టెలు, ఖర్జూరం, నీళ్ళు, తెల్లని నురుగు మిఠాయి. పంజరాన్ని పందిరి నడిమి కొయ్యకు కట్టాను. గుడ్డును అంగీ లోపలి జేబులో, రుమాలులో చుట్టి పెట్టుకున్నాను.

అందరికంటే ముందు తుర్గున్ వచ్చాడు. ఎండ ఇంకా ఉన్నది గానీ ఒంటి మీద దూది కుట్టిన చలికాలపు చపాన్ వేసుకున్నాడు. గుమ్మంలో కౌగలించుకున్నాం, ఆచారం గదా. నేను గుడ్డు పగలకుండా ఛాతీ వెనక్కి తీసుకున్నాను. వాడు కూడా ఎందుకో ఛాతీ వెనక్కి తీసుకున్నాడు. ఇద్దరు ముసలివాళ్ళు భుజాలు కలిపి పొట్టలు దూరం పెట్టి నిలబడిన ఆ దృశ్యం చూసి సలోమత్ వంటింట్లోకి పారిపోయింది.

"నువ్వు లోపలికెళ్ళి పని చూసుకో. నేను పందిరి కింద కూర్చుంటా" అన్నాడు.

"పని ఏమీ లేదు. ఇక్కడే ఉంటాను."

"నీళ్ళు తెచ్చిపెడతావా?"

"ఉపవాసం గదా, నీళ్ళెందుకు?"

"చేతులు కడుక్కోవడానికి."

"కాలువ ఉంది."

అటూ ఇటూ చూసి కూర్చున్నాడు. పంజరం వైపే చూస్తున్నాడు. సిగ్గు అనుకున్నాను. ఇంతలో హాజీగారు, నేమత్ వచ్చేశారు.

అజాన్ వినిపించింది. ఖర్జూరం తిన్నాం, నీళ్ళు తాగాం. హాజీగారు అరచేతులు ఎత్తి ప్రార్థన మొదలుపెట్టారు. మౌనంగా అందరం చేతులెత్తాం. నా కుడిచేయి మాత్రం జేబు వైపు వెళుతోంది. సరిగ్గా అప్పుడు పంజరంలోని పెట్ట చిన్నగా, నేను ఎన్నడూ వినని గొంతుతో, ఒక్కసారి కూసింది.

దానికి బదులు వచ్చింది. "వవ్వాక్! వవ్వాక్! పిట్‌పిలిక్!"

ఎంత స్పష్టమైన పిలుపు! అందరూ పంజరం వైపు చూశారు. పెట్ట ముక్కు మూసుకుని ఉన్నది. మళ్ళీ వచ్చింది పిలుపు. ఈసారి అందరూ తుర్గున్ ఛాతీ వైపు చూశారు. వాడి చపాన్ కదులుతోంది.

నేమత్ మెల్లగా అన్నాడు: "మాస్టారూ, పిట్ట మీ పంజరంలో ఉంది. పాట మాత్రం తుర్గున్‌గారి పొట్టలోంచి వస్తోంది. తుర్గున్‌గారూ, అజాన్ కాకముందే ఏం మింగారండీ?"

తుర్గున్ చపాన్ విప్పాడు. లోపల, పొట్టకు ఆనించి, పోతు పూరేడు కూర్చుని ఉన్నది.

"మార్చేద్దామని తెచ్చా" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. "జనం రాకముందే పెట్టని తీసి దీన్ని పెట్టేద్దామనుకున్నా. వీడు ఇక్కణ్ణుంచి కదిలితేగా!"

"పెట్టనెందుకు ఇచ్చావు ముందు?" అన్నాను. గొంతు పెరిగింది. నాలుక ఉపవాసం అజాన్‌తో ముగిసిపోయింది.

"నువ్వెందుకు పాడుతోందన్నావు?"

"ముందు నువ్వు చెప్పు."

"దీన్నివ్వలేకపోయా, దోమ్లా. హుర్షీదా పోయాక ఆ ఇంట్లో నన్ను వేకువ భోజనానికి, సహరీకి లేపేది ఇదొక్కటే."

"అలారం పెట్టుకోవచ్చు గదా."

"అలారం లేపుతుంది. లేవమని అడగదు."

"అయితే మూడోసారి ఎందుకన్నావయ్యా, 'నీదే' అని? రెండుసార్లతో ఆపి ఉంటే..."

"రెండుసార్లతో ఆపితే తుర్గున్ మనసులేని మాటన్నాడని అనుకోరూ? నువ్వు మూడోసారీ వద్దంటావనుకున్నా."

"మూడోసారి వద్దంటే నీ మాటకు విలువ లేదన్నట్టు కాదా?"

"నువ్వు పద్యం చదవకుండా ఉంటే ఇద్దరం బతికిపోయేవాళ్ళం!"

హాజీగారు చేతులు ఇంకా ఎత్తే ఉన్నారు. "ఒకడు లేని పాట విన్నాడు. ఒకడు ఉన్న పిట్టను దాచాడు. ఇద్దరూ బడిపంతుళ్ళు. దేవుడి దయ, నేను చదువుకోలేదు" అని, ప్రార్థన పూర్తిచేసి, చేతులతో ముఖం తుడుచుకున్నారు.

నేమత్ నవ్వాడు. అదే తప్పయింది. తుర్గున్ లేచి నిలబడ్డాడు. పంజరం తలుపు తీసి, పెట్టను నా చేతిలో పెట్టి, పోతును లోపల పెట్టి, గుడ్డ కప్పాడు.

"ఇప్పుడు నిజంగా నీదే" అన్నాడు. షూర్బా ముట్టకుండా వెళ్ళిపోయాడు.

గుడ్డు జేబులోనే పగిలి ఉన్నది. ఎప్పుడు పగిలిందో తెలియదు.

ఇరవై ఐదవ రోజు

తెల్లవారుజామున పోతు పాడింది. మర్గిలాన్‌లో ఇంత చక్కని గొంతు మరొకటి ఉండదు. సలోమత్ రొట్టెల పిండి పిసుకుతూ ఆగిపోయింది. వీధిలో ఎవరో "మాషాల్లా" అన్నారు.

విన్నకొద్దీ ఒళ్ళు మండింది. ఎవరిని లేపుతోంది ఇది? నేను లేచే ఉన్నాను.

ఇరవై ఆరవ రోజు

వెనక్కి పంపాలనుకున్నాను. మూడుసార్లు అని ఇచ్చిన దానిని వెనక్కి పంపితే, అదీ అందరి ముందు పరువు పోయిన రెండు రోజులకే, వాడు ఇక నా ముఖం చూడడు. ఉంచుకుంటే నేను నా ముఖం చూసుకోలేను. ఈ ఆచారాన్ని పెట్టిన పెద్దలు తుర్గున్‌ను చూసి ఉంటే మరోలా పెట్టేవారు.

పెట్టను కూడా పక్క పంజరంలో ఉంచాను. రెంటినీ కలిపి ఉంచితే పోతు పాడడం మానేస్తుందని నేమత్ చెప్పాడు. నేమత్‌కు ఇవన్నీ తెలుసు. మొదటి రోజునే చూసి చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఇరవై ఎనిమిదవ రోజు

కొట్టు ముందు నుంచి నేమత్ పిలిచాడు. ఈసారి కత్తి చేతిలో లేదు.

"మాస్టారూ, మీకో మాట. తుర్గున్‌గారు సహరీ లేకుండానే రోజా ఉంటున్నారు. మెలకువ రావట్లేదట. నిన్న మసీదు మెట్ల మీద కళ్ళు తిరిగి కూర్చుండిపోయారు. నేనూ హాజీగారూ ఇంటికి చేర్చాం. నవ్వినందుకు నాకే సిగ్గుగా ఉంది."

ఇంటికి వచ్చి సలోమత్‌కు చెప్పాను.

"పండగ నమాజుకి ఎలా వెళ్తారు మీరు?" అన్నది. "ఆయన పక్కన నిలబడతారా, రెండు వరసలు వదిలి నిలబడతారా?"

"నన్నేం చేయమంటావు? వెనక్కి ఇస్తే అవమానం. ఉంచుకుంటే పాపం."

"ఇంతేసి గ్రంథాలు చదివారు. ఇవ్వకుండా ఇవ్వడం ఎక్కడా లేదా?"

విసుక్కుని లేచి వచ్చాను. పాత పుస్తకాలు తీశాను. దానం, కానుక, కొనుగోలు, అద్దె, అప్పగింత, ఒక్కొక్క అధ్యాయమూ తిరగేశాను.

ఇరవై తొమ్మిదవ రోజు

అప్పగింత. ఇంత సులభమైన సంగతి ఇన్ని రోజులు ఎదురుగా ఉండి కనబడలేదు.

ఈద్ రోజు

నమాజులో తుర్గున్ పక్కనే నిలబడ్డాను. వాడు ఎడమకు జరిగాడు. నేనూ జరిగాను. వెనక నుంచి ఎవరో "వరస చెడుతోంది" అని కసిరారు. ఆగాం.

నమాజు ముగిశాక ఇంటికి వచ్చి, పంజరం తీసుకుని వాడి ఇంటికి వెళ్ళాను. వాడు గుమ్మం తీశాడు. చిక్కిపోయాడు. కళ్ళ కింద నల్లగా ఉన్నది. పంజరం చూడగానే ముఖం మార్చుకున్నాడు.

"వెనక్కి ఇవ్వడానికి వచ్చావా? దానికంటే చెంప మీద కొట్టు."

"ఇవ్వడానికి రాలేదు. ఇది నాది. ఇద్దరు సాక్షుల ముందు ఇచ్చావు. ఎవరడిగినా నాదే అంటాను. నా సొత్తును నీ దగ్గర అమానత్‌గా ఉంచడానికి వచ్చాను. నమ్మి దాచుకోమన్న వస్తువును కాదనడం విశ్వాసికి తగదు. అప్పగింతల అధ్యాయం తెచ్చి చూపించమంటావా?"

"ఎందుకు దాచాలి? మీ ఇంటికేమైంది?"

"మా ఇంట్లో తేమ. పిట్ట గొంతుకు పడదు."

"తేమా! మీ పెరట్లో రొట్టె పెడితే పొయ్యి లేకుండానే కాలుతుంది."

"అప్పగించేవాడి ఇంట తేమ కొలవమని ఏ గ్రంథంలోనూ లేదు."

వాడు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. నవ్వకుండా ఉండడానికి ఎంత కష్టపడుతున్నాడో కనిపిస్తూనే ఉన్నది.

"మేత ఎవరిది?"

"నీది."

"పాటో?"

"నాది. వినడానికి రోజూ వస్తాను."

"రోజూనా! దోమ్లా, నెలకోసారి నీ గజల్ వింటేనే నాకు జ్వరం వస్తుంది."

"గజల్ కూడా తెస్తాను. అప్పగింత షరతుల్లో అదొకటి."

అప్పుడు వాడు పంజరం అందుకున్నాడు. రెండు చేతులతో, గిన్నె నిండా పాలు అందుకున్నట్టు. పందిరి కొయ్యకు కట్టి, గుడ్డ తీసి, చాలాసేపు అటు తిరిగే నిలబడ్డాడు. నేను తొందర పెట్టలేదు. లోపలికి వెళ్ళి నేనే పొయ్యి ముట్టించాను. వాడి వంటిల్లు నాకు తెలుసు. టీ ఆకు ఎక్కడుంటుందో హుర్షీదా ఉన్ననాటి నుంచీ తెలుసు.

రెండు పెదవులూ కాలేంత వేడిగా తాగాం. పండగ రోజు గనుక చక్కెర వేసుకున్నాం. పారాయణం చేసే యువకుడి వేగం గురించి చెప్పాను. విన్నాడు. "వాడికి కొత్తగా పెళ్ళయింది, నీకు తెలియదా?" అన్నాడు. తెలియదు. నెల రోజులుగా నాకు ఏ సంగతీ తెలియడం లేదు.

పెట్ట మా ఇంట్లోనే ఉంటుంది. పాడదని తెలిశాక దానితో నాకు ఏ పేచీ లేదు.

అలసిపోయాను. ఈ పుటతో ఈ పుస్తకం పూర్తయింది. ఎవరి కోసమూ రాయలేదు. అయినా మా తరువాత ఈ వీధి కాలువ పక్కన నడవబోయే వారి కోసం అరచేతులు ఎత్తుతున్నాను. ప్రభూ, వారి గుమ్మాలకు వేకువలు సకాలంలో రావాలి. వారికి పాడే పిట్టలు దొరకాలి. పాడనివి దొరికితే, పాడడం లేదని సిగ్గుపడకుండా చెప్పుకోగల ఒక్క స్నేహితుడైనా దొరకాలి. వారు ఇచ్చినప్పుడు మనసుతో ఇవ్వాలి, పుచ్చుకున్నప్పుడు మనసుతో పుచ్చుకోవాలి, రెండింటిలో ఏది తప్పినా పండగలోపు ఒకరి గుమ్మం ఒకరు తొక్కే ధైర్యం వారి కాళ్ళకు ఇవ్వు. వారి వంటిళ్ళలో పొయ్యి ముట్టించడానికి లోపలికి వచ్చే పొరుగువాణ్ణి ఏ తరమూ ఎవడవని అడగకుండు గాక. ఆమీన్.